గాజు వంగదు

పట్టుకున్న చెయ్యి ఎప్పుడు బిగుసుకుంటుందో, ఎప్పుడు వదులవుతుందో కండ్లు మూసుకున్నా పీరాంబీకి తెలుస్తుంది. ఊరూరా గాజుల మలారం మోసి, ఇంటింటి అరుగు మీద కూచుని, ఆడవాళ్ల చేతులు పిసికి పిసికి గాజులు తొడిగిన మనిషికి ఆ మాత్రం తెలియకపోతే ఎట్లా. కానీ ఇప్పుడు ఆమె ఒళ్లో ఉన్న సుంకులమ్మ ఎడమచెయ్యి చెయ్యిలాగా లేదు. పొద్దున ఎద్దులకు మేత వెయ్యబోయి జొన్నసొప్ప వామిలోకి చెయ్యి పెడితే జెర్రి కరిచింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మండ బోర్లించిన చిప్పలాగా లేచింది, వేళ్ల కణుపులు కనపడకుండా పోయాయి, మణికట్టు మీది ఆరు గాజులూ కండలోకి దిగబడిపోయాయి. పైన ఉబ్బు, కింద ఉబ్బు, నడుమ ఆరు పచ్చటి గీతలు. వేలికొనలు నేరేడుపండు రంగుకు తిరుగుతున్నాయి. గాజులు పోతే నెత్తురు ఆడుతుంది, నెత్తురు ఆడితే చెయ్యి దక్కుతుంది. పగలగొట్టడమైతే చిటికెలో పని. కానీ పగలగొట్టకూడదు. ఆ గాజులు తొడిగించినవాడు సుంకులమ్మ మొగుడు పుల్లన్న, పటాలంలో చేరి బర్మా దిక్కు పోయినవాడు, పోయిన ఉగాది నుంచీ బతికున్నాడో లేడో చెప్పేవాళ్లు లేనివాడు. అందుకే అత్త ఓబులమ్మ, పక్కవీధిలో బేరం చేసుకుంటున్న పీరాంబీ రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చి పడేసింది.

"ఒగటి గూడా చిట్లగూడదు పీరమ్మా," అంది గడపలోనే. "చిట్లిందంటే నా కొడుకుని నేను నా చేత్తో చంపుకున్నట్లే."

"కర్నూలు దవాఖానాకు తీసకపోయింటే..."

"బండి కట్టుకోని పొయ్యేసరికి పొద్దు మునుగుతాది. పోయినా ఆ డాక్టరు చేసేదేంది? పటక్కన కొరికేస్తాడు పట్టుకారుతో. వానికేం తెలుసు మన గాజు?"

"సరే, నువ్వు గమ్మునుండి నీళ్లు తే అక్కా. కుండలోవి. సల్లటివి."

పాతచీర అంచు చింపి, చన్నీళ్లలో ముంచి, వేలికొనల దగ్గర మొదలుపెట్టి బొంగరానికి తాడు చుట్టినట్లు బిగించి బిగించి మండ మొదటిదాకా చుట్టింది పీరాంబీ. దూలానికి ఎప్పటిదో ఉయ్యాల కొక్కెం వేలాడుతుంటే దానికి తువ్వాల కట్టి, ఆ తువ్వాల మడతలో చెయ్యిని ఎత్తి నిలబెట్టింది. ఉబ్బు నీళ్లవంటిది, దోవ ఇస్తే పల్లానికి దిగుతుంది. కాసేపు అట్లా ఉంచి, కట్టు విప్పి, ఉబ్బు మళ్లీ తేరుకునేలోగా ఆముదం రాసి ఒక గాజు లాగెయ్యాలి. మళ్లీ కట్టాలి. మళ్లీ ఆగాలి. చేసే పని రెప్పపాటు, తక్కినదంతా ఆగడమే. మిద్దె గవాచిలోంచి ఎండ బిళ్ల ఒకటి నాపరాళ్ల నేల మీద పడి ఉంది. పీరాంబీ దాన్ని గడ్డంతో చూపించింది. "ఆ ఎండ పోయి ఎదురుగోడ ఎక్కేదాకా చూస్తా ఓబులక్కా. ఎక్కినాక మాత్రం నన్ను అడ్డుకోవద్దు." ఓబులమ్మ చాట కోసం లోపలికి పోయింది. సుంకులమ్మ పైటకొంగు నోట్లో కుక్కుకుని గోడకు తల ఆనించింది.

వస్తాయి. ఎందుకు రావు. చేతికి పోయినవి చేతి నుంచి రాకుండా ఎక్కడికి పోతాయి. తన అత్త అబీదా బీ కొత్తకోడలిగా వచ్చిన తనను పందిరి కింద కూచోబెట్టి, తన కుడిచేత్తో తన ఎడమచేతికే, కండ్లకు గుడ్డ కట్టి మరీ తొడగమనేది, చెయ్యి ఎర్రగా కంది వాచినా వదిలేది కాదు, గాజు వంగదే కోడలా, చెయ్యే వంగల్ల, వంగని చెయ్యి అల్లా ఇంకా పుట్టించలేదు, అనేది, ఆకువక్క నములుతూ. నిజమే, చూడటానికి చెయ్యి అంటే ఎముకల మూట, పట్టుకుంటే తెలుస్తుంది అది ఎన్ని మడతలు పడుతుందో, బొటనవేలు అరచేతిలోకి పండుకుంటుంది, చిటికెనవేలి వైపు ఎముక లోపలికి తిరుగుతుంది, నడిమి కణుపులు ఒకదాని కిందికి ఒకటి దిగుతాయి, అరచెయ్యంత వెడల్పు ఉన్నది చూస్తుండగా అరటిమొగ్గ అయిపోతుంది, గాజు దాటగానే మళ్లీ ఎప్పటిలాగే చెయ్యి. ఎన్ని చేతులు చూసింది తను. శెనక్కాయ చెట్లు పీకే కాలంలో బిరుసెక్కి పగుళ్లిచ్చే చేతులు, బేతంచెర్ల గనుల్లో బండలు మోసే ఆడవాళ్ల చేతులైతే బొటనవేలు మడవబోతే వంటచెరకు విరిచినట్లు ఉంటుంది, వాటికి కుంకుడు నురుగు పట్టించి మాటల్లో పెట్టాలి. మాటల్లో పెట్టడమే అసలు విద్య. భయపడిన చెయ్యి బిగుసుకుంటుంది, నవ్విన చెయ్యి జారిపోతుంది. మీ బర్రె ఈనిందంట గదా దూడ ఎవరి పోలిక, అంటే ఎంత మొండి ఆడదైనా పకాలున నవ్వుతుంది, ఆ నవ్వులో గాజు పోయి మణికట్టున కూచుంటుంది, ఎప్పుడు పోయిందే అని అడుగుతుంది. కానీ ఇప్పుడు ఈ పిల్లను ఏమని నవ్వించాలి.

తువ్వాల మడతలో చెయ్యి అదురుతోంది, నెత్తురు కొట్టుకునేది గుడ్డలోంచి కూడా తెలుస్తోంది. చాలు. పీరాంబీ చెయ్యి దించి, కట్టు సరసర విప్పింది. మండ మెత్తబడింది, వేలు ఒత్తితే గుంట పడి నిలిచింది. ఆముదం. కుడిచేత్తో బొటనవేలి మొదలు నొక్కి పెట్టి, ఎడమచేతి రెండు వేళ్లతో ముందరి గాజును తిప్పుతూ, లాగడం కాదు, లాగితే పోయినట్లే, తిప్పుతూ, తిప్పుతూ. సుంకులమ్మ గొంతులో ఏదో మూలిగింది. గాజు కణుపు ఎక్కింది, ఒక్క క్షణం అక్కడ ఆలోచించుకుంది, దిగి వేళ్ల మీదుగా వచ్చేసింది. ఓబులమ్మ చాటలో పసుపుబియ్యం పోసుకుని సిద్ధంగా ఉంది, దాన్ని పసిబిడ్డను అందుకున్నట్లు రెండు చేతులా అందుకుంది. కండలోంచి వచ్చిన గాజు ఎంత చిన్నగా ఉంది. ఇంత చిన్నదాన్ని ఈ చేతికి ఎట్లా తొడిగాను నేను, అనుకుంది పీరాంబీ, అనుకుంటూనే మళ్లీ గుడ్డ ముంచి చుట్టడం మొదలుపెట్టింది, ఎట్లా ఏముంది, తొడిగాను, నేను కాబట్టి తొడిగాను.

చిన్నవి తప్ప మలారంలో మరేమీ లేని కాలం అది. యుద్ధం ముందు జపాను నుంచి ఓడల మీద వచ్చేవి గాజులు, నున్నగా, లోపల నీళ్లు ఉన్నట్లు, దుడ్లు కూడా తక్కువే. జపానోడు ఇంగ్లీషోడి మీద తిరగబడ్డాక ఆ ఓడలు నిలిచిపోయాయి, ఉన్న సరుకంతా పెండ్లిండ్లలో పోయి, అడుగున చిన్న కొలతవి కొన్ని మిగిలాయి, పదేండ్ల పిల్లలకు సరిపోయేవి. పుల్లన్న పటాలానికి పోయే ముందురోజు ఈ అరుగు మీదే పంచాయితీ. వానలు లేవు, చేను బీడు, పటాలంలో చేరితే నెలనెలా జీతం, తిండి, బూట్లు, ఊళ్లో డప్పు కొట్టి మరీ పిలిచారు. పోతూ పోతూ పెండ్లానికి చేతినిండా గాజులు చూసి పోవాలన్నాడు. ఉన్నవి ఇవే అప్పా, చిన్నవి, ఈ పిల్ల పెద్ద మండకు పట్టవు, అంది తను. ఓబులమ్మ లోపలినుంచి అరిచింది, చిన్నవైతేనే మంచిది, కరుచుకోని ఉంటాయి, పనిలో తగిలి చిట్లవు, వాడు వచ్చేదాకా అట్లనే ఉంటాయి, తొడుగు, అని. అది నిజం కాదని ఎవరంటారు, బిగువు గాజు గలగలలాడదు, రోటికి తగలదు, కుండకు తగలదు, వదులు గాజే ముందు చచ్చేది. తనకూ పంతం వచ్చింది, తొడగలేదు పీరమ్మ అనిపించుకుంటుందా. సుంకులమ్మ కండ్లలో నీళ్లు గిర్రున తిరిగేదాకా పిసికి ఆరింటినీ ఎక్కించింది, అంతసేపూ పుల్లన్న పక్కన కూచుని తన చెయ్యే పిసుకుతున్నట్లు మొహం వంకర్లు తిప్పుతూ, నేను పట్టుకున్నెప్పుడు గూడా ఇంత గట్టిగా పట్టుకోలేదు గదా పీరమ్మా దీని చెయ్యి, అన్నాడు, అంతే, పిల్ల సిగ్గుపడి నవ్వింది, ఆ నవ్వుకు మొట్టమొదటిది పోయింది. జపానోడి గాజులు పెండ్లాం చేతికి తొడిగించి జపానోడి మీదికే యుద్ధానికి పోయాడు. ఆ మాట అప్పుడు తట్టి ఉంటే వాడే విరగబడి నవ్వేవాడు, నవ్వే మనిషి.

ఈసారి రెండు వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి, పీరాంబీ కూడా అనుకోలేదు. చాటలో మూడయ్యాయి. ఓబులమ్మ వాటిని పసుపుబియ్యంలో ఒకదానికి ఒకటి తగలకుండా దూరం దూరంగా పెట్టింది. "అయ్యో నా బంగారు తల్లీ, ఇంగ మూడే, ఓర్చుకో," అంటూ కోడలి నెత్తి నిమిరింది. కోడలిని ఆమె ఆ పేరుతో పిలవడం ఈ ఊళ్లో ఎవరూ విని ఉండరు. ఊరంతా భయపడే మనిషి ఓబులమ్మ, మొగుడు పోయినా, కొడుకు పటాలం పోయినా, నాగలి తనే పట్టింది, తవుడు కొలతలో తేడా వస్తే అంగడి ముందర నిలబడి ఆ అంగడివాడి ఏడుతరాలకూ పిండం పెట్టింది, నిటారుగా నడిచేది, నడుస్తుంటే వెనక నుంచి మగమనిషి అనుకునేవాళ్లు. పోయిన ఉగాది నుంచి ఆ మనిషి కుదించుకుపోతోంది. ముందు వీపు వంగింది, తర్వాత గొంతు సన్నబడింది, తర్వాత సంతకు పోవడం మానేసింది, ఇప్పుడు ఆ చాట ముందర కూచున్నది చూస్తే గింజలు పోసేసిన గోనెసంచి ఒకటి మూలకు పడేసినట్లుంది. ఎముక కంటే ముందు మనిషే వంగుతుందేమో. వంగితే వంగింది, గాజు దాటినాక చెయ్యి మళ్లీ చెయ్యి అయినట్లు ఈమె మళ్లీ ఈమె అవుతుందా, దేన్ని దాటితే అవుతుంది.

ఆగాలి, మళ్లీ ఆగాలి. ఎండ బిళ్ల రోటిపక్కన పడి సాగింది, గుండ్రంగా ఉన్నది కోడిగుడ్డులాగా అయింది. కరువునాటి చేతులు గుర్తుకొచ్చాయి ఎందుకో. అప్పుడు అంతా తిరగబడింది, గాజులు ఎక్కించే పని లేదు, వాటంతట అవే జారిపోయేవి. కోసిగి దిక్కు కరువు పనుల దగ్గర రోడ్డుకు కంకర కొట్టే ఆడవాళ్లు, సుత్తి ఎత్తితే గాజులు మోచేతి దాకా పోయేవి, దించితే వేళ్ల మీదికి వచ్చేవి, రాయి మీద రాలిపోతాయేమోనని మణికట్టుకు నూలుదారం చుట్టి గాజుల్ని దానికి కట్టేసుకునేవాళ్లు. తిండి లేదు, నీళ్లు లేవు, గాజు మాత్రం పోకూడదు. తను మలారం దించి కూచుంటే కొనేవాళ్లు లేరు, ఉన్నవాటినే కొంచెం చిన్నవి చేసి ఇయ్యి పీరమ్మా అన్నది ఒకామె, దాహానికి నాలుక పిడచ కట్టి, తమాషాకు కాదు, నిజంగానే అడిగింది. గాజును ఎట్లా చిన్నది చేస్తారు. చెయ్యి ఒకటే పెరగాల, తరగాల. ఆ ఏడాది వానలు పడ్డాక, కొర్రలు ఇంటికొచ్చాక, అదే ఆమె తిరుణాల్లో ఎదురై చెయ్యి చాపింది, చూడు, దారం తీసేసినా అంది, చెయ్యి నిండింది, గాజు నిండింది, ఎంత గర్వంగా చాపిందో. మనుషులు మహా గట్టివాళ్లు. ఎండబెట్టినా, నానబెట్టినా, పిసికినా, చివరికి తమ ఆకారం తాము వెతుక్కుని వస్తారు, కొంచెం వెసులుబాటు ఇస్తే చాలు. అదే ధైర్యం మీద బతికింది తను ఇన్నేండ్లు, మొగుడు మదార్ సాహెబ్ పోయినాక కూడా, మగదిక్కు లేని ఇల్లు ఎట్లా గడుస్తుందే అని అందరూ బుగ్గలు నొక్కుకుంటే మలారం తీసి తన భుజాన వేసుకుని బయలుదేరింది ఆ ధైర్యంతోనే.

నాలుగోది కదలలేదు. కట్టు విప్పీ విప్పకముందే ఉబ్బు వచ్చి నిండింది. మళ్లీ చుట్టింది. ఓబులమ్మ మళ్లీ నీళ్లు తెచ్చింది. ఇంకోసారి. నాలుగోది వచ్చింది, చర్మం గీరుకుని నెత్తురు చుక్క పొడుచుకొచ్చింది. ఇంకోసారి. సుంకులమ్మ నోట్లో కొంగు పూర్తిగా తడిసిపోయింది, ఒక్కసారి కూడా అమ్మా అనలేదు, ఈ పిల్లను దేంతో చేశారో, అయిదోది వచ్చింది. పీరాంబీ నడుం నిమురుకుంటూ అప్పుడు చూసుకుంది ఎదురుగోడను. ఎండ ఎప్పుడో గోడెక్కింది. ఎక్కి, సద్ది ఉట్టి నీడను కూడా దాటింది. తను చెప్పిన గడువు తనే చూసుకోలేదు, గెలుస్తున్నప్పుడు ఎవరు చూసుకుంటారు.

"ఎండ పోయింది," అంది పైకే.

"పోతే పోనీలే," ఓబులమ్మ గబగబా అంది. "అయిదు వచ్చినాయి గదా. ఒగటే గదా. ఆ ఒగటీ లాగేయ్యవే పీరమ్మా, నీ కాళ్లు మొక్కుతా."

ఆ మాట పీరాంబీకి నచ్చలేదు, ఓబులమ్మ నోట కాళ్లు మొక్కుతాననే మాట. అయినా కట్టు విప్పింది. ఆరోది అన్నిటి కంటే వెనకది, అడుగుది, పుల్లన్న మాటకు నవ్వుతుండగా మొదట ఎక్కినది. తిప్పింది. వచ్చింది కొంచెం. బొటనవేలి మొదటి ఎముక ఎక్కింది. కణుపుల గట్టు మీదికి వచ్చింది. అక్కడ నిలిచిపోయింది. నిలిచిపోయిన క్షణంలోనే వెనకనుంచి ఉబ్బు తోసుకొచ్చి చుట్టూ నిండింది, ఇక ముందుకు రాదు, వెనక్కి పోదు, మణికట్టు దగ్గర ఉన్నప్పుడు కొంచెమైనా చోటుండేది, ఇప్పుడు కణుపుల మీద, మండను సగానికి కోసినట్లు. గుడ్డ చుట్టడానికి లేదు, గాజే అడ్డం. నీళ్లు పోసింది. ఆముదం పోసింది. వేళ్లు ఊదారంగు నుంచి నలుపుకు తిరుగుతున్నాయి, చిటికెనవేలు గిల్లితే సుంకులమ్మకు తెలియలేదు.

"అమ్మీ, తెలుస్తాందా?"

సుంకులమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇది?"

మళ్లీ అడ్డంగా.

పీరాంబీ మొదటిసారి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. బొటనవేలు కీలు తప్పించొచ్చు, తప్పిస్తే గాజు రావచ్చు, కీలు మళ్లీ కూచోవచ్చు, కూచోకపోవచ్చు. కూచోకపోతే ఈ పిల్ల కోతకు పనికిరాదు, కోత కొయ్యలేని కోడలు ఈ ఇంట్లో ఎందుకు. ఒక గాజు కోసం. ఇంత గాజు కోసం. ఓబులమ్మ రెండు చేతులూ జోడించి పసుపుబియ్యం వైపు చూస్తోంది, పెదవులు ఏదో దేవుణ్ని పిలుస్తున్నాయి, ఈ క్షణంలో గాజు పగలగొట్టు అంటే ఈమె విరిగిపోతుంది, వంగదు, విరిగిపోతుంది. పీరాంబీకి ద్రోణాచలం స్టేషను కనిపించింది. తను ఎన్నడూ చూడని ప్లాట్‌ఫారం, ఎంతోమంది చెప్పగా చెప్పగా చూసినట్లే అయిపోయిన ప్లాట్‌ఫారం, సరుకు కోసం పోయిన మదార్ సాహెబ్ అక్కడ గత్తర తగిలి, వాంతులై పడిపోయాడు, పక్కన సరుకు పెట్టె, తలకింద తువ్వాల, ఎవరో ఇంత నీళ్లు పోశారట. ఆ పొద్దు తను ఒక పెండ్లి ఇంట్లో కూచుని ఉంది. పెండ్లికూతురికి, దాని అక్కలకు, అత్తలకు, ఇంటిల్లిపాదికీ తొడుగుతూ, పాటలు పాడుతూ, తన రెండు చేతులా గాజులు, గాజులామె చేతులు బోసిగా ఉంటే బేరం కాదని ఎప్పుడూ నిండుగా వేసుకునేది, ఒక్కదానికైనా బీట లేదు. ఆ పొద్దు లేదు, మరునాడు లేదు. కబురు వచ్చేదాకా గలగలలాడుతూనే ఉన్నాయి. కబురు వచ్చినాక ఆడవాళ్లు రాయి తీసుకుని వచ్చారు, వద్దు, సరుకు పాడుచెయ్యొద్దు అంది తను, ఒక్కొక్కటే తిప్పి తిప్పి తీసి మలారానికి గుచ్చింది, అమ్మేసింది కూడా. ఎవరెవరి చేతులకు పోయాయో, ఆ చేతుల వాళ్లు మొగుళ్లతో హాయిగా ఉన్నారు. ఇది ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. చెప్తారా ఎవరైనా. గాజు చిట్లితే ఒళ్లు ఝల్లుమనే ఆడది ఉన్నంతవరకే పీరాంబీ పొయ్యిలో నిప్పు; గాజు చిట్లినా ఏం కాదు, చిట్లకపోయినా ఏమీ ఆగదు అని తెలిస్తే, ఆ మాట గాజులామె నోటి నుంచే ఊరు ఎక్కితే, నాలుగు ఊళ్లు దాటితే, మలారం దించి మూలన పెట్టుకోవాల్సిందే. ఓబులమ్మ నోట్లో మాట నిలవదు. పొద్దుగూకేలోగా బావి దాకా పోతుంది. అయితే పోనీ. తొడిగినప్పుడు పంతం పట్టింది తనే గదా, తీసేటప్పుడు బేరం చూసుకుంటే ఎట్లా.

"ఓబులక్కా, ఇట్ల చూడు," అంది. "నా మొగుడు ద్రోణాచలంలో పడిపోయిన దినం నా చేతులనిండా గాజులే. ఒగటి గూడా చిట్లలేదు. బీట గూడా ల్యా. ఒగటన్నా చిట్లింటే తెలుస్తాండె నాకు, రైలెక్కి పోయింటి, నోట్లో నీళ్లు పోసింటి."

ఓబులమ్మ పెదవులు ఆగాయి.

"ఏందే నువ్వు చెప్పేది?"

"గాజుకు ఏమీ తెల్వదక్కా అంటాండా. నిండుగుండినా తెల్వదు, పగిలినా తెల్వదు. ఆయప్ప యాడుండాడో దానికేం ఎరుక?"

"ఈ మాట ఇన్నాళ్లూ యాడ దాచినావే ముండా?"

"మలారం అడుగున. గాజులు అమ్ముకునేదాన్ని, ఈ మాట అమ్ముకుంటానా?"

ఓబులమ్మ కోపంతో లేవబోయి, లేవలేక, చాట అంచు పట్టుకుంది. పసుపుబియ్యంలో అయిదు గాజులూ కదిలి ఒకదానికి ఒకటి తగిలి చిన్నగా మోగాయి. అప్పుడు సుంకులమ్మ నోట్లోంచి కొంగు తీసింది. పొద్దున జెర్రి కరిచినప్పటి నుంచీ ఆమె మాట్లాడింది లేదు, గొంతు బొంగురుపోయి ఉంది.

"అత్తా. నీ కొడుకు వచ్చి, నా పెండ్లాం చెయ్యి యాడమ్మా అంటే ఏం చెప్తావు? చాటలో గాజులుండాయి చూడు నాయనా అంటావా?"

ఓబులమ్మ కోడలి మొహంలోకి చూసింది. మొదటిసారి చూస్తున్నట్లు చూసింది. తర్వాత పైట బిగించింది, లేచి నిలబడింది, పూర్తిగా నిలబడింది, తల దూలానికి తగులుతుందేమో అనిపించింది పీరాంబీకి.

"వాని మొహం! గాజులు చూసి వస్తాడా వాడు? నువ్వుండావనే వస్తాడు," అని గదమాయించింది, ఎవరినో తెలియదు. వెనక్కి తిరిగి దీపం గూట్లోంచి పసుపుతాడు తెచ్చి సుంకులమ్మ ఎడమ మోచేతి పైన ముడి వేసింది, ఉత్తచెయ్యి అనిపించుకోకుండా. వేసి, వచ్చి, కోడలి భుజం రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"ఊఁ. కానియ్యి."

పీరాంబీ తడిగుడ్డ మడత గాజుకూ చర్మానికీ మధ్య రవంత రవంతగా దూర్చింది, దూరినంత. పైన ఇంకో గుడ్డ కప్పింది. రెండు బొటనవేళ్లూ ఎదురెదురుగా ఆనించి ఒత్తింది. జీవితమంతా పగలకుండా చూసుకున్న చేతులు, ఎంత ఒత్తితే పగులుతుందో వాటికి తెలియదు. ఒత్తింది. గాజు ఏమీ అనలేదు. కట్టె అయితే కిర్రుమంటుంది, ఇనుము అయితే వేడెక్కి వంగుతుంది, నాపరాయి కూడా పగిలేముందు ఒక మూలుగు మూలుగుతుందని బేతంచెర్లలో బండలు కొట్టేవాళ్లు చెప్తారు, దీనికి అదేమీ లేదు, చివరి క్షణం దాకా గుండ్రంగా, నున్నగా, నాకేం అన్నట్లు ఉంటుంది. ఇంకొంచెం ఒత్తింది. గుడ్డ కింద టప్పుమని చిన్న చప్పుడు. అంతే. ఇంతదానికా, అనుకుంది. గుడ్డ విప్పితే మూడు ముక్కలు, ఒక్కటి కూడా గుచ్చుకోలేదు. గాజు ఉన్నచోట మండ మీద తెల్లటి గాడి లోతుగా, చుట్టూ నలుపు. ముగ్గురూ దాని మీదికి వంగి చూస్తూ ఉండిపోయారు. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు. తర్వాత గాడి అంచు రవంత గులాబీ రంగుకు తిరిగింది, ఆ రంగు పాకింది, కణుపులు దాటింది, ఉంగరపువేలు కదిలింది, చిటికెనవేలు ఎర్రబడింది, సుంకులమ్మ ఒక్క కేక వేసింది, అయ్యో మంట, అయ్యో నిప్పులు పోసినట్లుండాది అత్తా అని. ఆ కేక విని పీరాంబీ గోడకు జారగిలబడి నవ్వింది, అల్లా, ఎంత మంచి కేక, అరువు తల్లీ, ఎంత అరుస్తావో అరువు.

ఓబులమ్మ మూడు ముక్కలూ ఏరి దోసిట్లో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక అటూ ఇటూ చూసింది. చివరికి బయటికి పోయి జొన్నసొప్ప వామి మీదికి విసిరేసి, "పోయి ఆ జెర్రిని కరువు పో," అంటూ తిట్టుకుంటూ లోపలికి వచ్చింది. ఆ తిట్టులో పాత ఓబులమ్మ ఉంది, అంగడి ముందర నిలబడి పిండాలు పెట్టిన ఓబులమ్మ. వచ్చి పీరాంబీ ముందర చతికిలబడింది.

"నువ్వు చెప్పింది నేను బయట చెప్పనులే. చెప్తే నీకు కూడు ఎవరు పెడతారు."

"పెట్టకపోతే నీ ఇంటికొస్తా."

"రా, రాగిసంగటి పెడతా, చచ్చేదాకా తింటూ కూచుందువు." అని, కోడలి చెయ్యి అందుకుని, ఉబ్బిన మండను అటూ ఇటూ తిప్పి కొలిచినట్లు చూసింది. "ఇది తగ్గినాక రావల్ల నువ్వు. ఈ తూరి యాడన్నా ఎతికి ఒక కొల్త పెద్దవి తే. పొదుపు చూసుకోవద్దు, చేతికి డజను. వాడు వచ్చేనాటికి పిల్ల చేతులు నిండుగుండల్ల. పచ్చవే తే, మళ్లా అవే పచ్చవి."

సుంకులమ్మ కండ్లు మూసుకుని, గోడకు తల ఆనించి, మంటకు పండ్లు బిగించి ఉంది. ఆ బిగించిన పండ్ల మధ్య నుంచే, అత్తను చూడకుండా అంది:

"పచ్చవి వద్దు పీరమ్మా. నాకు ఎర్రవంటే ఇష్టం."